రొట్టెలు కాసే చెట్టు

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇవ్వవలసిందిగా మన సంఘ కార్యదర్శిగారు కోరారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్ఫై మూడేళ్ళు గుమాస్తాగిరీ చేసి, రిటైరైన తరువాత గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్న నాలుగు ముక్కలు మీ ముందుంచుతున్నాను. లోపాలుంటే పెద్దలు మన్నించగలరు.

పిల్లలు ఖరీదైన వస్తువేదైనా అడిగితే "డబ్బులేమన్నా చెట్లకు కాస్తున్నాయా?" అని మనం కసురుకుంటాం. కాని ఒకప్పుడు ఐరోపా ప్రజలు రొట్టెలు చెట్లకు కాస్తాయని నమ్మారు. ఆ చెట్టు కోసం రాజుగారు ఓడలు పంపారు. కవులు కావ్యాలు వ్రాశారు. పంతొమ్మిదో శతాబ్దం పొడవునా పెద్దలూ పిల్లలూ ఆ కథలు చదివి, పని లేకుండా తిండి దొరికే దేశం ఎక్కడో ఉన్నదని కలలు కన్నారు.

ఆ చెట్టు పేరు బ్రెడ్‌ఫ్రూట్. మన పనసకు దగ్గరి చుట్టం. తెలుగులో సీమపనస అంటారు. మలయాళీలు శీమచక్క అంటారు. కాయను నిప్పుల మీద కాల్చి తింటే కొంత రొట్టెలాగా, కొంత ఉడికిన బంగాళాదుంపలాగా ఉంటుంది. పసిఫిక్ దీవులలో తరతరాలుగా ఇది ముఖ్యాహారం. డాంపియర్ అనే ఆంగ్ల నావికుడు 1686లో గ్వామ్ దీవిలో దీనిని చూసి, 1697లో అచ్చయిన తన పుస్తకంలో వర్ణించాడు. 1769లో కెప్టెన్ కుక్ తాహితీ దీవికి వెళ్ళాడు. ఆ యాత్రా వృత్తాంతం 1773లో అచ్చయింది. అందులోని ఒక మాట జనం మనసులో నాటుకుపోయింది. తాహితీ మనిషి జీవితంలో పది చెట్లు నాటితే చాలునట, అది గంటసేపటి పనేనట. చలిలో దున్ని ఎండలో కోత కోసే ఐరోపా రైతు తన బిడ్డలకు చేసే మేలంతా అతడు ఆ గంటలోనే చేసినట్లట!

ఈ మాట విని అందరికంటె ముందు చెవులు నిక్కించినవారు వెస్టిండీస్‌లోని చెరకు తోటల యజమానులు. వారి తోటలలో పనిచేసేవారు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో అక్కడినుంచి వచ్చే తిండి సరుకులు తగ్గిపోయాయి. దానికి తోడు తుపానులు వచ్చాయి. 1780-87 మధ్య తిండి లేక, దానివల్ల వచ్చిన జబ్బులతో సుమారు 15,000 మంది బానిసలు చనిపోయారని జమైకా శాసనసభ సంఘమే నివేదించింది. చెరకు పండే నేలలో ఒక్క సెంటు కూడా తగ్గించకుండా బానిసల కడుపు నింపటానికి ఆ యజమానులకు ఒక చెట్టు కావలసివచ్చింది.

అందుకోసం 1787 చివరలో కెప్టెన్ బ్లై నాయకత్వాన "బౌంటీ" అనే ఓడ బయలుదేరింది. కెప్టెన్ ఉండవలసిన పెద్ద గదినే మొక్కల తోటగా మార్చారు. తాహితీలో సేకరించిన మొక్కలు 1,015. వాటిని 774 కుండీలలో, 39 తొట్లలో, 24 పెట్టెలలో పెట్టినట్లు బ్లై వ్రాసుకున్నాడు. స్టాకు రిజిస్టరు నిర్వహించినవాడిని గనుక ఈ లెక్క చూసి ముచ్చటపడ్డాను. కాని 1789 ఏప్రిల్ 28న నావికులు తిరగబడ్డారు. బ్లైని, మరి 18 మందిని చిన్న పడవలోకి దింపివేసి, మొక్కలన్నిటినీ సముద్రంలో పారవేశారు. బ్లై ఆరు వారాలకు పైగా ఆ పడవలోనే ప్రయాణించి తిమోర్ చేరి బ్రతికి బయటపడ్డాడు. మళ్ళీ "ప్రావిడెన్స్" ఓడలో వెళ్ళి 1793లో సెయింట్ విన్సెంట్‌కూ జమైకాకూ మొక్కలు చేర్చాడు. ఇంతా చేస్తే, బానిసలు ఆ కాయ రుచి తమకు నచ్చలేదని అరటికాయే కావాలన్నారు. చాలాకాలం అది పందులకు మేతయింది.

ఓడ కథ ముగిసినా చెట్టు కథ ముగియలేదు. 1823లో బైరన్ కవి ఈ తిరుగుబాటును "ది ఐలండ్" కావ్యంగా వ్రాసి, దున్నకుండా పండే రొట్టెను వర్ణించాడు. 1831లో బారో వ్రాసిన తిరుగుబాటు చరిత్ర ఇంటింటా చదివారు. 1846లో మెల్విల్ "టైపీ", 1850ల చివరలో బాలంటైన్ పిల్లల నవల "ది కోరల్ ఐలండ్" వచ్చాయి. మిల్లులలో, గనులలో పొద్దస్తమానం ఒళ్ళు హూనం చేసుకునే జనానికి ఈ చెట్టు మన కల్పవృక్షంలా కనిపించిందంటే ఆశ్చర్యమేమున్నది?

అయితే ఈ కలకు మరొక ముఖం ఉంది. చెట్టు తిండి పెడుతుంటే ఆ దీవుల వాళ్ళు సోమరులు కాక ఏమవుతారని చాలామంది మిషనరీలూ అధికారులూ తీర్మానించారు. మెచ్చుకున్నవారూ తిట్టిపోసినవారూ నమ్మిన అబద్ధం ఒక్కటే: అక్కడ ఎవరూ పని చెయ్యరని.

నిజమేమిటి? మేలురకం సీమపనసకు గింజ ఉండదు. వేరు నుంచి వచ్చే పిలకలను జాగ్రత్తగా తీసి నాటాలి, నీరు పోసి బ్రతికించాలి. కాయ ఏడాది పొడవునా ఉండదు, కోసినది కొద్ది రోజులకే పాడవుతుంది. అందుకని కాయలు చెక్కి, గోతులలో ఆకులు పరచి, పూడ్చి పులియబెట్టి, వర్షాలు లేని రోజులకు నిలవ చేసుకునేవారు. మన ఇళ్ళలో ఆవకాయ పెట్టినంత హడావిడి, ఊరంతటిదీ కలిపి ఊహించుకోండి. ఆ చెట్ల రకాలను ఎంపిక చేసి, పడవలలో దీవి నుంచి దీవికి మోసుకుపోయి నాటినవారు వాళ్ళ పూర్వులే. మెల్విల్ పుస్తకంలోనే ఈ గోతుల సంగతి ఉంది. చదివినవారి మనసులో మాత్రం నీడన పడుకున్న మనిషే మిగిలాడు.

ఈ చెట్టుకు మన గోదావరి జిల్లాతోనూ సంబంధం ఉంది. 1780లలో సామర్లకోటలో ఉద్యోగం చేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్, ఉత్తర సర్కారులలోని కరవును కళ్ళారా చూశాడు. కరవు రోజులలో పేదలకు తిండినిచ్చే చెట్లు నాటించాలని కంపెనీవారికి సూచనలు వ్రాశాడు. కొబ్బరి, తాటి, అరటి, పనసలతో పాటు ఈ సీమపనస కూడా ఆ జాబితాలో ఉంది.

వెస్టిండీస్‌లో 1838 నాటికి బానిసత్వం పూర్తిగా పోయింది. తరువాతి తరాలవారు ఒకప్పుడు తాము త్రోసిపుచ్చిన ఆ చెట్టునే తమ పెరళ్ళలో పెంచుకున్నారు. నేడు కాల్చిన సీమపనస, వేయించిన చేప కలిపి సెయింట్ విన్సెంట్ దేశపు జాతీయ వంటకం. యజమాని పెట్టినప్పుడు రుచించని కాయ, సొంత పెరట్లో కాస్తే రుచించింది.

చివరిగా ఒక్క మాట. "బౌంటీ" అంటే ఔదార్యంతో ఇచ్చే దానం. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది దయాదాక్షిణ్యం కాదని, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఇంగ్లీషు తీర్పులో దానానికి వాడిన మాట కూడా "బౌంటీ"యే. ఆ తేదీనే మనం ఏటా పండుగ చేసుకుంటున్నాం. మొన్న బస్సులో ఒక కుర్రవాడు "మీకేం తాతగారూ, కూర్చోబెట్టి పెన్షన్ ఇస్తున్నారు" అన్నాడు. నాకు తాహితీవారు గుర్తుకొచ్చారు. ఆ అబ్బాయికి కోపంగా ఏమీ చెప్పలేదు. నేను దిగవలసిన స్టాపు వచ్చేలోగా ఈ చెట్టు కథ సగం వరకు చెప్పాను. మిగతా సగం ఇక్కడ వ్రాశాను. మీ ఇంట్లో పిల్లలచేత చదివించగలరు.