నకిలీ విత్తనంతో మోసపోతే: ఎవరికి, ఎప్పుడు, ఎలా ఫిర్యాదు చేయాలి

మిరప తోటలో మొక్కలు రకరకాలుగా ఉన్నా, పత్తిలో కాయ పట్టకపోయినా కోపంతో చేను దున్నేయకండి. నిలబడి ఉన్న పైరే మీకు మొదటి సాక్ష్యం.

బిల్లు, లాట్ నంబరు ఉన్న ఖాళీ ప్యాకెట్ దాచి, రైతు సేవా కేంద్రం ద్వారా మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. నకలుపై అందినట్లు సంతకం తీసుకోవాలి. శాస్త్రవేత్తలతో పొలం పరిశీలన చేయించమని అందులోనే కోరాలి. నష్టం విత్తనం వల్ల వచ్చిందా, నల్ల తామర పురుగు వల్లా, జెమినీ వైరస్ వల్లా అన్నది తేల్చేది ఆ నివేదికే. అది లేకపోతే నెపం పురుగు మీదకు నెట్టడం అమ్మినవారికి తేలిక.

మోసం జరిగిందనిపిస్తే పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అయితే పోలీసు కేసుతో దోషికి శిక్ష పడుతుందేమో గానీ, పెట్టిన పెట్టుబడి రాబట్టుకోవడానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి. గడువు 2 ఏళ్లు. విత్తనానికి చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. న్యాయవాది కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను (15100) అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం.

రైతు కూడా వినియోగదారుడేనని ఉమ్మడి రాష్ట్ర రైతుల కేసులో 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్న గింజలన్నీ విత్తేసిన రైతును పరీక్షకు నమూనా తెమ్మనడం సరికాదని కూడా చెప్పింది.

కలుపు మందును తట్టుకుంటుందంటూ బిల్లు లేకుండా అమ్మే పత్తి విత్తనానికి మన దేశంలో అనుమతే లేదు. అది కొన్నవారికి పరిహారం రావడం కష్టం. అయినా ఎవరు అమ్మారో మాకు చెప్పండి, మిగతా సరుకైనా పట్టుకోవచ్చు.