1921లో చీరాల ఊరు విడిచింది, స్టూవర్టుపురం కదల్లేకపోయింది

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

గ్రూప్స్‌కి చదివే మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ చీరాల-పేరాల ఉద్యమం కొట్టిన పిండే. రెండు ఊళ్లనీ కలిపి మునిసిపాలిటీ చేశారు, పన్నులు మోయలేనంత పెంచారు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి వెళ్లాక, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద దాదాపు పదమూడు వేల మంది ఇళ్లు వదిలి ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. పదకొండు నెలలు ఎండకీ వానకీ అక్కడే ఉన్నారు. ఊరు విడిచిపోవడమే వాళ్ల పోరాటం.

చీరాల నుంచి బాపట్ల వైపు రైలెక్కితే ఈపూరుపాలెం దాటాక స్టూవర్టుపురం వస్తుంది. అదే ఏడు అక్కడి మన ఎరుకల వాళ్లు ఊరు విడిచిపోతే నేరం. చుట్టాలింటికి పోవాలన్నా చేతిలో పాస్ ఉండాలి. ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి మాకెవరూ చెప్పలేదు, ఏ కోచింగ్‌లోనూ వినలేదు.

పాస్ ఇచ్చే అధికారం సెటిల్‌మెంట్ మేనేజరుది. ఆ మేనేజర్ల వెనక ఉన్నది సముద్రం దాటి వచ్చిన ఒక మిషన్, సాల్వేషన్ ఆర్మీ. మనదేశంలో పెట్టుకున్న పేరు ముక్తి ఫౌజ్!

వీళ్ల కథ మొదలైన తీరు వేరు. 1882లో బొంబాయిలో దిగారు. నాయకుడు ఫ్రెడరిక్ టక్కర్, ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. కాషాయం కట్టాడు, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకున్నాడు. వాద్యాలతో వీధుల్లో ఊరేగితే అల్లర్లు అవుతాయని పోలీసులు ఆపారు. వినకపోయేసరికి 1883లో సొంత దొరతనమే అతన్ని జైల్లో పెట్టింది. అప్పట్లో సర్కారుకి వీళ్లే తలనొప్పి.

ముప్పై ఏళ్లు తిరిగేసరికి అదే సర్కారు వీళ్ల చేతికి మనల్ని అప్పగించింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అంతకుముందు మన వాళ్లు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా ఉప్పు లోపలి ఊళ్లకి మోసి, అక్కణ్ణుంచి ధాన్యం తెచ్చేవాళ్లు. ఉప్పు మీద సర్కారు పెత్తనం, ఆపైన రైలు ఆ బేరాన్ని చంపేశాయి. అడవి చట్టాలొచ్చి వెదురూ ఈతాకూ దూరమయ్యాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాణ్ణి దొంగ అన్నారు. 1913 ప్రాంతంలో సెటిల్‌మెంట్ పెట్టి, మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు తగిలించారు. కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకోటి. కావలిది అమెరికన్ బాప్టిస్టుల చేతిలో ఉండేది.

వాళ్లు ఏమీ చెయ్యలేదని మేము అనం. బడి పెట్టారు, సాగుకి భూమి చూపించారు. మనలో మొదట అక్షరం దిద్దినవాళ్లు ఆ బడుల్లోంచే వచ్చారు. కానీ హాజరు పట్టీ కూడా వాళ్ల దగ్గరే ఉంది. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు మన సెటిల్‌మెంట్ నుంచే వెళ్లారు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే వీలు కూడా ఆ చట్టంలో ఉంది.

ఇక 1921 నాటి గొడవలు. చీరాల ఖాళీ అయింది. ఆ ఏడాది చివరికి పెదనందిపాడు రైతులు పర్వతనేని వీరయ్య చౌదరి వెంట శిస్తు కట్టం అన్నారు, గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు. పల్నాడులో పుల్లరి మీద తిరగబడ్డ కన్నెగంటి హనుమంతుని 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. గుంటూరు జిల్లా అంతా కుతకుతలాడుతోంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ మిషనరీలను నిర్బంధించి దేశం నుంచి పంపేశారు కాబట్టి, విదేశీ మిషన్లకి సర్కారు మాట దాటితే ఏమవుతుందో బాగా తెలుసు. రాజకీయాల్లోకి రాము అనడమే వాళ్లకి క్షేమం.

మా అభిప్రాయం ఇక్కడ సూటిగా చెప్తాం. పక్కూళ్లో మిషన్ ఆస్పత్రి నడిపే డాక్టరమ్మ ఆ మాటంటే నమ్మొచ్చు. పాస్ పుస్తకం దగ్గర పెట్టుకున్నవాడు అంటే ఎట్లా నమ్మాలి? ఆ పుస్తకమే సర్కారు రాజకీయం కదా. వేరే దారి లేదా అంటే ఉంది. అమెరికా నుంచి మిషన్ పనికి వచ్చిన శామ్యూల్ స్టోక్స్ సిమ్లా కొండల్లో వెట్టిచాకిరీ మీద పోరాడి, కాంగ్రెస్‌లో చేరి, అదే 1921 డిసెంబరులో జైలుకెళ్లాడు.

తప్పు మిషనరీల మీదకే తోసేసినా న్యాయం కాదు. చట్టం చేసింది సర్కారు. స్వరాజ్యం అడిగినవాళ్లలో కూడా మన పాస్ గురించి పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఆ తక్కువ మందిలో యానాదుల కోసం పనిచేసిన నెల్లూరు వెన్నెలకంటి రాఘవయ్య గారిని తలుచుకోవాలి. మద్రాసు రాష్ట్రంలో చట్టం 1947లో పోయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. మధ్యలో 1948లో అలవాటు నేరస్థుల చట్టం వచ్చి కూర్చుంది.

మాలో కొందరం హాస్టల్లో ఏ ఊరు అంటే బాపట్ల అని తప్పించుకున్నవాళ్లమే. సినిమాల పుణ్యం.

మీ ఇళ్లల్లో సెటిల్‌మెంట్ నాటి పాస్ కాగితాలు, బడి సర్టిఫికెట్లు, భూమి కాగితాలు పెట్టెల అడుగున ఉంటే చెదలు పట్టకముందే ఫోటో తీసి దాచండి. గ్రూపులో పెట్టేటప్పుడు పెద్దవాళ్ల పేర్లు, వేలిముద్రలు కనపడకుండా చూసుకోండి. తొంభై దాటిన అవ్వలు ఉంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి. కుర్రు భాషలోనే చెప్పనివ్వండి, రికార్డు చేసుకోండి.