గాలి ఎటు నుంచి?

మనం చదువుకునే రోజుల్లో తుపాను కబురు రేడియోలో వచ్చేది. మచిలీపట్నం, కాకినాడ, విశాఖ రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని ప్రాంతీయ వార్తల్లో చదివేవారు. ఎనిమిది కంటే తొమ్మిది, తొమ్మిది కంటే పది పెద్ద గండమని మా అందరి లెక్క. ఇంజనీరునయ్యాక గానీ ఆ లెక్క తప్పని తెలియలేదు. మూడూ ఒకే స్థాయి ప్రమాదాలే. తుపాను దారికి రేవు ఎడమన పడుతుందంటే 8, కుడిన పడుతుందంటే 9, తుపాను రేవు మీదుగానో ఆ దగ్గర్లోనో దాటుతుందంటే 10.

ఈ కుడిఎడమల తేడా చిన్నది కాదు. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. తూర్పు నుంచి వచ్చే తుపానుకు కుడివైపు, అంటే ఉత్తరాన ఉన్న ఊళ్లలో గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది. ఎడమవైపు ఊళ్లలో నేల మీద నుంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 నవంబరు 19న తుపాను తీరం దాటింది చీరాల దగ్గర. ఉప్పెన అయిదారు మీటర్ల ఎత్తున ముంచింది దివిసీమను. సుమారు 10 వేల మంది పోయారు. అప్పుడు నేను చిన్న తరగతిలో ఉన్నాను. ‘తుపాను అక్కడ దాటితే చావులు ఇక్కడేమిట్రా’ అని అరుగు మీద పెద్దవాళ్లు అనుకోవడం గుర్తుంది. జవాబు గాలి దిక్కులోనే ఉంది.

ఆ దిక్కు రహస్యం తేల్చడంలో మన తీరానికీ వాటా ఉంది. 1839 నవంబరులో కోరంగిని ఉప్పెన ఊడ్చేసింది. కలకత్తాలో ఉండే హెన్రీ పిడింగ్టన్ అలాంటి తుపానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్ పుస్తకాలు సేకరించి, ఏ వేళకు ఏ ఓడ దగ్గర గాలి ఎటు నుంచి వీచిందో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. గాలి సుడి తిరుగుతోందని తేలింది. పాము చుట్టను తలపించే గ్రీకు మాట నుంచి 1848లో ‘సైక్లోన్’ అన్న పేరు పెట్టింది ఆయనే. 1864 అక్టోబరులో కలకత్తా, నవంబరులో బందరు దెబ్బతిన్నాయి. ఒక్క బందరు ప్రాంతంలోనే సుమారు 30 వేల మంది పోయారు. ఆ రెండు తుపానులు, ఆ వెనకే వచ్చిన కరువులు కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టడానికి కారణమయ్యాయి.

ఇప్పుడు ఫోనులోనే ‘గాలి 60, విసురు 90’ అని కనిపిస్తోంది. మొదటి అంకె సగటు. తుపానుల విషయంలో మన వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు తీస్తే, అమెరికా వాళ్లు 1 నిమిషానిది తీస్తారు. అందుకే ఒకే తుపానుకు రెండు అంకెలు వినిపిస్తాయి. రెండోది కొన్ని సెకన్లు కొట్టే ఈదర. కప్పులు లేపేది అదే. గాలి తోపుడు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 60కీ 90కీ తేడా ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లు.

ఈ సంగతి పుస్తకంలో చదివి కూడా తప్పు చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో సిమెంటు నిల్వకు ఒక రేకుల షెడ్డు వేయించాను. తాత్కాలికమే కదా అని సగటు వేగంతో లెక్క కట్టాను. ఒక సాయంత్రం ఈదరకు అంచు రేకులు లేచిపోయి వరి చేలో పడ్డాయి. ఎవరికీ తగల్లేదు, అది నా గొప్ప కాదు. గాలి రేకును కిందికి నొక్కుతుందనుకుంటాం గానీ, అంచుల దగ్గర అది పైకి పీల్చేస్తుంది. 1987లో సవరించిన ఐఎస్ 875 మూడో భాగం 3 సెకన్ల ఈదరనే లెక్కలోకి తీసుకుంటుంది. విశాఖకు అది సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. చదరపు మీటరు గోడ మీద దాదాపు మూడు సిమెంటు బస్తాల బరువు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోనే ఉన్నాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తగ్గింది. మా వాచ్‌మన్ ‘పోయింది సార్’ అంటూ గేటు తీయబోయాడు. ‘ఇది కన్ను, ఇంకో సగం ఉంది, లోపలికి రావయ్యా’ అని చేయి పట్టుకు లాగాను. తర్వాత గాలి రెండో వైపు నుంచి మొదలైంది. పొద్దున్నంతా ఒకవైపు ఒరిగి నిలిచిన చెట్లు అప్పుడు పడ్డాయి.

స్వర్ణోత్సవ నిధితో మన బడిలో కట్టబోయే సైకిల్ షెడ్డు డ్రాయింగు మొన్న నాకు చూపించారు. అంచు వరసల్లో జె-బోల్టులు రెట్టింపు చేయమని రాసి తిప్పి పంపాను. ఖర్చు కాస్త పెరుగుతుంది, కోశాధికారి గారు మన్నించాలి.