మిరప చేల కింద మూసుకున్న సముద్రం

నల్లమల గురించి రాసేవాళ్ళు శ్రీశైలంలో మొదలుపెట్టి ఎత్తిపోతల జలపాతం దగ్గర ఆపేస్తారు. తూర్పున ఉన్న గుంటూరు, ప్రకాశం మైదానం వాళ్ళకు రేగడి, పత్తి, మిరపే. రాళ్ళ ఊసు వస్తే ఒక ఖనిజాల పట్టిక ఇచ్చి ఊరుకుంటారు. ఈ కొండలు ఎలా లేచాయో చెప్పే గట్టి సాక్ష్యం మాత్రం కొండల మీద కన్నా మైదానంలోనే, వినుకొండ, ఏల్చూరు, చీమకుర్తి, కనిగిరి పరిసరాల్లోనే ఎక్కువగా ఉంది.

ఈ శిలల అధ్యయనంలో తొలి ఘట్టం అందరికీ తెలిసిందే. 1872లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ కడప, కర్నూలు శిలాశ్రేణులను వివరించాడు. తర్వాత కొన్నేళ్ళకు మరో భూగర్భ శాస్త్రవేత్త బ్రూస్ ఫుట్ తీరం వెంట తిరిగి, ఒంగోలు ప్రాంతపు గోండ్వానా పొరలను పరిశీలించాడు. అక్కడి వేమవరం శిలలు మొక్కల శిలాజాలకు పేరుపడ్డాయి. మార్కాపురం పలకలు, పిడుగురాళ్ళ సున్నం, అమరావతి శిల్పులు చెక్కిన పల్నాటి సున్నపురాయి, అన్నీ కింగ్ వర్ణించిన శ్రేణులవే.

కడప శ్రేణుల పడమటి అంచున పొరలు దాదాపు చెక్కుచెదరలేదు. తూర్పున నల్లమలలో అవే మడతలు పడి, ఒకదానిపైకి ఒకటి ఎక్కాయి. తూర్పు కనుమలు నెట్టాయని పుస్తకాలు ఒక్క మాటలో తేల్చేస్తాయి. నెట్టడానికి ముందు కనుమలకూ ఈ పొరలకూ మధ్య ఏముండేదో చెప్పవు.

ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన సి. లీలానందం 1989లో నల్లమలకు తూర్పున ఉన్న ఈ ప్రాంతాన్ని ‘ప్రకాశం క్షారశిలా మండలం’గా ప్రతిపాదించారు. ఏల్చూరు, ఉప్పలపాడు, పూరిమెట్ల దగ్గర దొరికే నెఫెలీన్ సయనైట్ వంటి క్షారశిలలు సాధారణంగా ఖండం చీలే చోట పుడతాయి. ఏల్చూరు శిల వయసు సుమారు 132 కోట్ల ఏళ్ళు. అది తర్వాత నలిగి, చారలు తేలింది. చీలిన చోటే ఆ ముక్కలు మళ్ళీ ఢీకొంటే రాయి అలా నలుగుతుందని, అంటే మధ్యలో ఒక సముద్రం తెరుచుకుని మూసుకుందని, లీలానందం భూగర్భ శాస్త్రవేత్త కెవిన్ బర్క్ తదితరులతో కలిసి 2006లో వాదించారు. 2011లో మరో బృందం కనిగిరి దగ్గర సముద్రపు అడుగు శిలల తునకలను గుర్తించింది. వాటి వయసు సుమారు 133 కోట్ల ఏళ్ళు.

అంతమాత్రాన విషయం తేలిపోలేదు. క్షారశిల చీలికను చెబుతుంది గాని దాని వెడల్పును చెప్పదు. తూర్పు ఆఫ్రికాలో ఖండం చీలుతూనే ఉన్నా అక్కడ ఇంకా సముద్రం రాలేదు. రాయి పుట్టిన ఏడు, నలిగిన ఏడు ఒకటి కావు. కనిగిరి తునకలు చెదిరి, మారిపోయి ఉన్నాయి. పైగా వినుకొండ గ్రానైటు వయసు సుమారు 160 కోట్ల ఏళ్ళు, అంటే అది ఏల్చూరు శిల కన్నా పాతది. కాబట్టి ఈ అంచున కదలిక ఒక్క విడతలో ముగియలేదు. ఇన్ని అభ్యంతరాలున్నా, సముద్రం ఉండేదన్న వాదం వైపే నేను మొగ్గుతాను. క్షారశిలలూ, కనిగిరి తునకలూ, నల్లమల మడతలూ ఒకే అంచు వెంట ఎందుకున్నాయో ‘కనుమలు నెట్టాయి’ అన్న ఒక్క ముక్క చెప్పలేదు.

ఇప్పటి తీరు చూస్తే సంతోషించడానికి పెద్దగా ఏమీ లేదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ గుర్తించిన భూవారసత్వ స్థలాల్లో మంగంపేట, తిరుమల, ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. గుంటూరు, ప్రకాశం సీమ నుంచి ఒక్కటీ లేదు. భూవారసత్వ స్థలాల రక్షణకు కేంద్రం 2022లో ముసాయిదా బిల్లు ప్రకటించింది. ఈలోగా అదే అంచున ఉన్న చీమకుర్తి గెలాక్సీ రాయి బంగారు చుక్కలతో దేశదేశాలకు పోతోంది. గ్రానైటు పేరుతో అమ్ముడుపోయే ఆ రాయి నిజానికి గాబ్రో జాతిది. ఆ చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. క్వారీని తప్పుపట్టను, దాని మీద బతికే ఊళ్ళున్నాయి. కాని పర్యాటకమంటే జలపాతమూ, పడవ షికారూ, గుడీ అనుకునే ధోరణితో నాకు పేచీ ఉంది. ఎత్తిపోతలకు మరో రంగు దీపం పెట్టేముందు పర్యాటక శాఖ చెయ్యాల్సినవి రెండున్నాయి: ఏల్చూరులో నలిగిన శిల బయటపడ్డ ఒక చోటుకు కంచె వేసి తెలుగులో ఒక బోర్డు పెట్టాలి, చీమకుర్తిలో పని ఆగిపోయిన ఒక క్వారీ గోడను పేల్చకుండా బడిపిల్లల కోసం మిగల్చాలి.