హద్దు దాటిన ఆదేశం

1993 సెప్టెంబరు 20, సోమవారం ఉదయం. శ్రీహరికోట.

ఒకపక్క పులికాట్ సరస్సు, మరోపక్క బంగాళాఖాతం. నడుమనున్న దీవిలో 44 మీటర్ల పీఎస్ఎల్‌వీ రాకెట్ తొలి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. దాని కొసన 846 కిలోల ఐఆర్ఎస్-1ఈ ఉపగ్రహం.

మన దూరసంవేదన ఉపగ్రహాలు అప్పటిదాకా పరాయి రాకెట్ల మీదే వెళ్లేవి. 1988లో ఐఆర్ఎస్-1ఏ, 1991లో 1బీ బైకనూర్ నుంచి సోవియట్ రాకెట్లెక్కాయి. అవి తీసిన చిత్రాలు మాత్రం తెలంగాణ నేలమీదే దిగేవి. కాచిగూడలో కర్నూలు రైలెక్కితే దారిలో తగిలే షాద్‌నగర్‌ దగ్గర యాంటెనాలు ఆ ఉపగ్రహాల సంకేతాలను అందుకునేవి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ ఏజెన్సీ వాటిని చిత్రాలుగా మలిచేది. ఉపగ్రహం మనది, చిత్రం మనది. రాకెట్ ఒక్కటే మనది కాదు. ఆ వెలితి ఆ ఉదయంతో తీరాలి.

కౌంట్‌డౌన్ ముగిసింది. రాకెట్ లేచింది. మొదటి దశ తన పని చేసింది. రెండో దశలోని వికాస్ ఇంజిన్ కూడా మండింది. ఇస్రో ఛైర్మన్ యు.ఆర్.రావు, ప్రాజెక్టు డైరెక్టర్ జి.మాధవన్ నాయర్ బృందం ఏళ్ల తరబడి పడ్డ శ్రమ ఫలించేలా ఉంది.

రెండో దశ విడిపోయే ఘడియ వచ్చింది. అక్కడే రాకెట్ ఒక్కసారిగా కుదుపుకు లోనై, ముక్కు దారి తప్పింది. నేలమీది వాళ్లు చెయ్యగలిగిందేమీ లేదు. నిర్ణయం రాకెట్‌లోని కంప్యూటర్‌దే. అదీ సరిదిద్దలేకపోయింది. పైకెగిరిన సుమారు 700 సెకన్లకు, కక్ష్య అందకుండానే అంతా ముగిసింది. రాకెట్, ఉపగ్రహం రెండూ సముద్రం పాలయ్యాయి.

దోషి ఎవరు?

రాకెట్ మునిగినా, అది పంపిన టెలిమెట్రీ సమాచారం మిగిలింది. విశ్లేషకులు దాన్నే తవ్వారు. మొదట దొరికింది యంత్రలోపం. కాలిపోయిన రెండో దశను వెనక్కి లాగాల్సిన రెట్రో రాకెట్లు సరిగా పనిచేయక, విడిపోయేటప్పుడు రెండు దశలూ ఒకదానికొకటి తగిలాయి. కుదుపు అక్కడిదే.

విచారణ అంతటితో ఆగి ఉంటే అసలు జబ్బు దాగిపోయేది. ఎందుకంటే కుదుపులను సర్దడానికే ఆటోపైలట్ ఉంది. మరి ఇదెందుకు సర్దలేకపోయింది? ఆ ప్రశ్న వాళ్లను కోడ్ దగ్గరికి తీసుకెళ్లింది. రాకెట్ ముక్కును పైకీ కిందికీ తిప్పే పిచ్ నియంత్రణ భాగంలో, ప్రోగ్రామ్ రాసిన తీరులోనే ఒక తప్పు బయటపడింది. నియంత్రణ ఆదేశం నిర్ణీత గరిష్ఠ విలువను మించినప్పుడే అది తలెత్తుతుంది. ప్రయాణం సాఫీగా సాగితే ఆదేశం ఆ హద్దు దాకా పోదు. పరీక్షల్లో ఆ తప్పు చిక్కకపోవడానికి కారణం అదే. యంత్రం మొరాయించిన రోజున, రక్షణ అత్యవసరమైన క్షణాన, అది నిద్రలేచింది.

మరమ్మతు

పని రెండువైపులా సాగింది. దశలు విడిపోయే ఏర్పాటును బాగుచేశారు. కోడ్‌ను సరిదిద్ది, అసాధారణ పరిస్థితులను కల్పించి మళ్లీ మళ్లీ పరీక్షించారు.

1994 అక్టోబరు 15న రెండో పీఎస్ఎల్‌వీ శ్రీహరికోట నుంచే లేచి, 804 కిలోల ఐఆర్ఎస్-పీ2ను ధ్రువ కక్ష్యలో నిలిపింది. మాధవన్ నాయరే ప్రాజెక్టు డైరెక్టర్.

ఇలాంటి తప్పు మన ఒక్కరికే జరగలేదు. 1996 జూన్ 4న ఐరోపా ఏరియాన్-5 తన తొలి ప్రయాణంలో నిమిషం కూడా నిలవలేదు. పాత ఏరియాన్-4 కోడ్‌ను అలాగే వాడారు. కొత్త రాకెట్ వేగానికి ఒక అంకె 16 బిట్లలో పట్టలేదు. అక్కడా హద్దు దాటిన విలువే కొంప ముంచింది.

పీఎస్ఎల్‌వీ తర్వాత 2008లో చంద్రయాన్-1ను, 2013లో మంగళయాన్‌ను మోసింది. 2017 ఫిబ్రవరి 15న ఒకే ప్రయాణంలో 104 ఉపగ్రహాలను వదిలింది. చేతికి చిక్కిన మొదటి కారణంతో తృప్తిపడి ఫైలు మూసేసి ఉంటే, ఆ కోడ్ మరో రాకెట్‌ను ముంచడానికి కాచుకుని ఉండేది. అంతా సవ్యంగా సాగే రోజును మాత్రమే పరీక్షించిన సాఫ్ట్‌వేర్, పరీక్షించని సాఫ్ట్‌వేర్ కిందే లెక్క.