చెంచమ్మ: పొదిలి ప్రాంతపు ఒక స్త్రీనామ పరిశీలన

పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో ముందు తరాల స్త్రీల పేర్లలో క్షేత్రనామాలు విరివిగా కనిపిస్తాయి. కోటప్పకొండ స్వామి పేరిట కోటమ్మ, మాలకొండ నరసింహుని పేరిట మాలకొండమ్మ, పెంచలకోన స్వామి పేరిట పెంచలమ్మ ఏర్పడ్డాయి. ఈ వరుసలో చెంచమ్మ భిన్నమైనది. దాని మూలపదం కొండ పేరు కాదు, నల్లమల అడవుల్లో జీవించే ఒక తెగ పేరు. ఆ తెగకు చెందని వ్యవసాయ కుటుంబాల్లోని ఆడపిల్లలకు ఈ పేరు ఎలా వచ్చిందన్నది పరిశీలించదగిన ప్రశ్న.

తెగ పేరునే పిల్లకు పెట్టారని అనుకోవడం తేలిక. పదనిర్మాణం అందుకు అనుకూలంగా లేదు. చెంచు స్త్రీని చెప్పడానికి తెలుగులో చెంచెత, చెంచిత అనే రూపాలున్నాయి. ఎఱుకత వంటి జాతివాచకాల కోవలోనివి అవి. వ్యక్తినామంగా స్థిరపడింది ఆ రూపాలు కావు. చెంచు శబ్దానికి ‘అమ్మ’ చేరి, ఉత్వసంధితో చెంచమ్మ అయింది. లక్ష్మమ్మ, కోటమ్మ పేర్లలో దైవనామాన్ని మనిషి పేరుగా మార్చే ‘అమ్మ’యే ఇది. కనుక దీనికి మూలం తెగ పేరు నేరుగా కాదు, చెంచులక్ష్మి అనే దేవతానామం. పురుషులలో చెంచయ్య, చెంచురామయ్య అనే పేర్లు కూడా ఈ అభిప్రాయాన్నే బలపరుస్తాయి. నెల్లూరు రాజకీయ నాయకుడు ఆనం చెంచు సుబ్బారెడ్డి పేరులోని ‘చెంచు’ కూడా కులసూచకం కాదు. చెట్ల కింద నివసించేవారు గనుక చెంచులయ్యారనే వ్యుత్పత్తి ప్రచారంలో ఉన్నా, ‘ట్ట’ ‘ంచ’గా మారే ధ్వనిసూత్రం తెలుగులో లేదు. అది జనవ్యుత్పత్తిగానే మిగులుతుంది.

చెంచులక్ష్మి కథకు ప్రధాన క్షేత్రం అహోబిలం. హిరణ్యకశిపుని వధించిన నరసింహుడు అడవిలో చెంచు కన్యను వరించాడని ఐతిహ్యం. అందువల్ల చెంచులు స్వామిని తమ ఇంటి అల్లునిగా భావిస్తారు. సంక్రాంతి వేళ మొదలయ్యే పార్వేట ఉత్సవంలో స్వామి తన పెళ్లికి పిలవడానికి ఊరూరా తిరుగుతాడు. వరుని క్షేత్రం పేరు ఓబులమ్మను ఇచ్చింది, వధువు పేరు చెంచమ్మను ఇచ్చింది.

ఇదే కథను నెల్లూరు జిల్లా పెంచలకోన తన స్థలపురాణంగా చెప్పుకుంటుంది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేవరకు పొదిలి కూడా నెల్లూరు జిల్లాలోదే. పడమట నల్లమల, దక్షిణాన పెంచలకోన ఉన్న ఈ మెట్టప్రాంతానికి ఆ కథ రెండు దిక్కుల నుంచీ చేరువైనదే. స్వామి చెంచితను చేపట్టగా అలిగిన ఆదిలక్ష్మి వాగుకు ఆవలి ఒడ్డున నిలిచిపోయిందని పెంచలకోన కథ. ఇళ్లలో మాత్రం ఆ సవతుల పేర్లు రెండూ పక్కపక్కనే వినిపించడం ముచ్చటైన విషయం.

1943లోనూ, 1958లోనూ చెంచులక్ష్మి పేరుతో చలనచిత్రాలు వచ్చాయి. అవి కథను దూరప్రాంతాలకు చేర్చాయే గాని ఈ పేరుకు మూలం కావు. ఆ చిత్రాలకు ముందే జన్మించిన సుబ్బారెడ్డి పేరే అందుకు నిదర్శనం.

అడవి తెగవారు మైదాన గ్రామాలకు అపరిచితులు కారనీ, దైవం ద్వారా ఏర్పడిన ఒక వియ్యం ఉందనీ ఈ పేరు చెబుతుంది. ఆ గౌరవం కథలో ఉన్నంతగా జీవితంలో లేదు; చెంచులు నేటికీ ప్రభుత్వ లెక్కల్లో ప్రత్యేకంగా దుర్బల గిరిజన సమూహమే. నాయనమ్మ చెంచమ్మ పేరును మనవరాలికి పెట్టేటప్పుడు కొత్త తరం లక్ష్మి అని సరిపెట్టుకున్న చోట, దేవత మిగిలి చెంచు శబ్దం తొలగిపోతుంది.