నారాయణఖేడ్ సరిహద్దు, రెండు సెల్‌ఫోన్ వ్యవస్థలు

నేటి సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రపు బీదరు జిల్లాకు చెందిన తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో అది మెదక్ జిల్లాలో కలిసి ఆంధ్రప్రదేశ్‌కు రాగా, బీదరు పట్టణం మైసూరు (నేటి కర్ణాటక) రాష్ట్రానికి పోయింది. తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలగలిసి వినబడే ఈ సీమలో బంధుత్వాలు ఆ సరిహద్దు గీతకు ఇరువైపులా నిలిచే ఉన్నాయి గాని, 1994 జాతీయ టెలికాం విధానం తరువాత దేశాన్ని ఇంచుమించు రాష్ట్రాల హద్దుల వెంబడే సర్కిళ్లుగా, అంటే ఒక లైసెన్సు చెల్లుబాటయ్యే ప్రాంతాలుగా విభజించడంతో, అదే గీత సెల్‌ఫోనుకు కూడా హద్దయింది.

ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో తొలి లైసెన్సులు పొందిన జేటీ మొబైల్స్, టాటా సెల్యులార్ సంస్థలు రెండూ జీఎస్ఎం పద్ధతినే అనుసరించాయి. ఇందులో 200 కిలోహెర్ట్‌జ్ వెడల్పు గల తరంగ మార్గాన్ని కాలాన్ని బట్టి ఎనిమిది వంతులుగా పంచి, ఒక్కొక్క సంభాషణకు ఒక్కొక్క వంతు కేటాయిస్తారు. వినియోగదారుని గుర్తింపు ఫోనులో గాక సిమ్ కార్డులో ఉంటుంది. వచ్చిన కాల్‌కూ రుసుము చెల్లించవలసిన ఆ తొలి సంవత్సరాల్లో ఇది నగరాల సౌకర్యమే. 2002లో బీఎస్ఎన్ఎల్ మొబైల్ సేవలు మొదలుకావడం, 2003లో ఇన్‌కమింగ్ ఉచితం కావడం చిన్న పట్టణాలకు తలుపు తెరిచాయి.

రెండవ పద్ధతి సీడీఎంఏ. అమెరికాలోని క్వాల్‌కామ్ సంస్థ వృద్ధిచేసిన ఈ విధానంలో, 1.25 మెగాహెర్ట్‌జ్ మార్గంలో అందరి మాటలూ ఒకేసారి సాగుతూ, ప్రతి సంభాషణా తనకు కేటాయించిన సంకేతం ద్వారా వేరుపడుతుంది. టాటా టెలిసర్వీసెస్ తన సీడీఎంఏ సేవలను ఆంధ్రప్రదేశ్‌లోనే ప్రారంభించింది. 2002 డిసెంబరులో రిలయన్స్ రంగప్రవేశం చేసి, మరుసటి ఏడు 501 రూపాయలకే ఫోను చేతికిచ్చే పథకంతో ధరల స్వరూపాన్నే మార్చింది. అయితే 2001 నిబంధనలు ఈ సేవను పరిమిత సంచారానికి, అంటే దాదాపు తాలూకా అంత ఉండే ఎస్‌డీసీఏ అనే చార్జింగ్ ప్రాంతానికి, కట్టివేశాయి. పని కోసం హైదరాబాదుకు వలసపోయే ప్రాంతంలో, ఊరు దాటితే చెల్లని ఫోను ఎంత చవకదైనా సగం ఫోనే. 2003 నవంబరులో వచ్చిన ఏకీకృత లైసెన్సు ఆ కట్టును తెంచింది గాని, ఇంకొక లోపం మిగిలింది: ఎక్కువ సీడీఎంఏ ఫోన్లలో నంబరు ఫోనులోనే నమోదై ఉండేది. జీఎస్ఎం వినియోగదారుడు హైదరాబాదులోని జగదీశ్ మార్కెట్‌లో పాత ఫోను కొనుక్కుని తన సిమ్ వేసుకోగలిగేవాడు. బీదరు వెళ్లినప్పుడు రోమింగ్ భారం తప్పించుకోవడానికి కర్ణాటక సిమ్‌కు మారగలిగేవాడు. సీడీఎంఏ వాడుకరికి ఈ స్వేచ్ఛ దాదాపు ఉండేది కాదు. పేదవాని వ్యవస్థగా ప్రచారం పొందినది పేదవాని అవసరాన్ని పూర్తిగా గుర్తించలేదనడం అన్యాయం కాదు.

సాంకేతికంగా చూస్తే ముందడుగు వేసే దారి సీడీఎంఏకే సుగమం. పాత తరంగ మార్గంలోనే అది 1ఎక్స్‌కూ, వేగవంతమైన ఈవీ-డీఓకూ ఎదగగలిగింది. జీఎస్ఎం జీపీఆర్ఎస్, ఎడ్జ్ దశలను పాత మార్గంలోనే దాటినా, మూడవ తరానికి 5 మెగాహెర్ట్‌జ్ కొత్త మార్గం కావలసి వచ్చింది. అది 2010 వేలం దాకా ప్రైవేటు సంస్థలకు దొరకలేదు. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో అది ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్‌లకు దక్కింది. ఆ మూడవ తరం నడిచినది సంకేత విభజన సూత్రం మీదనే, అంటే సూత్రం గెలిచి వ్యవస్థ ఓడింది. ప్రపంచంలో అధిక భాగం జీఎస్ఎం కుటుంబంలో ఉండటం వల్ల ఫోన్లు అక్కడే చవకయ్యాయి; 2008లో క్వాల్‌కామ్ తన నాలుగవ తరం ప్రణాళిక అయిన యూఎంబీని విరమించుకుని ఎల్‌టీఈ వైపు మళ్లడంతో, సీడీఎంఏకు సొంత దారి ముగిసింది. రిలయన్స్, టాటా సంస్థలు అప్పటికే జీఎస్ఎం అనుమతులు పొంది ఉన్నాయి.

2016లో మొదలైన జియో, ఒకప్పుడు రిలయన్స్ సీడీఎంఏ సాగిన 800 మెగాహెర్ట్‌జ్ శ్రేణిలో కూడా ఎల్‌టీఈ నడిపింది. తెలంగాణ 2014లోనే ఏర్పడినా, లైసెన్సుల లెక్కలో నారాయణఖేడ్ నేటికీ ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనిదే. సీడీఎంఏ టవర్లు మూగబోయిన తరువాత కూడా ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్ సంస్థల జీఎస్ఎం రెండవ తరం సేవలు కొనసాగుతూనే ఉన్నాయి.